పక్కకు ఒరిగిన కిటికీలు

మొదట్లో అతని చేతిలో ఉన్నవి ఇవి: బొమ్మలకు ఫ్రేములు కట్టే ఓ ఇరుకు షాపు, గాజు కోసే కత్తి, ఏ బొమ్మకైనా పైవైపేదో చూడగానే చెప్పగలనన్న ధీమా.

ఆ ధీమాకే ముందు గండి పడింది.

"నా బొమ్మల్నెవరు తిప్పమన్నారండీ?" అంది చిత్రకారిణి, గుమ్మంలోనే గొడుగు దులుపుతూ. మర్నాడే ఆమె మొదటి ఎగ్జిబిషన్. "వెనక బాణం గుర్తు వేసిచ్చాను కదా!"

"తొందరలో తప్పు వేశారనుకున్నానండీ. అన్నిట్లోనూ కిటికీ అడ్డంగా పడుంది, వాన పక్కవాటుగా కురుస్తోంది. అందుకే తిప్పి కొక్కేలు కొట్టేశాను."

"డిప్రెషన్‌తో మంచం దిగలేని రోజుల్లో గీసినవండీ. పక్కకు తిరిగి పడుకుంటే వాన అలాగే కురుస్తుంది. మీరేమో నన్ను బలవంతంగా లేపి కూర్చోబెట్టేశారు!"

అతనికి సిగ్గు కన్నా ఆసక్తి ఎక్కువైంది. నేల ఊడ్చి, గుమ్మంకేసి తిరిగి, ఓ చెవి నేలకానించి పడుకున్నాడు.

"ఇదేంటండీ?"

"సరుకు చూసుకుంటున్నాను. మాట్లాడకండి."

బయట జోరున వాన.

"ఏం కనిపిస్తోంది?" ఆమె గొంతు తగ్గింది.

"ఈ చెవి దగ్గర బయల్దేరి ఆ చెవి కిందికి పోతోందండీ వాన."

ఆమె ఫక్కున నవ్వింది.

"మరి గీతలెందుకు వణికాయి?" అన్నాడతను.

"మందుల వల్ల చేయి వణుకుతుంది. వాటినీ సరిచేశారా ఏంటి?"

"నా స్కేలు అంతదూరం పోలేదు."

"ఆ రోజులు మళ్లీ రావచ్చు," అంది, నవ్వాపి. "మళ్లీ మంచం పడితే?"

"లేవమనను. చాప తెచ్చుకుని పక్కన పడుకుంటాను."

అన్నాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమెవీ అంతే.

అప్పుడే కూతుర్ని వెతుక్కుంటూ వచ్చిన తల్లి గుమ్మంలో ఆగిపోయింది. "అయ్యో, ఆ అబ్బాయికేమైందే?"

"ఏం కాలేదమ్మా. నా బొమ్మలు చూస్తున్నాడు. నేను మళ్లీ మంచం పడితే చాప తెచ్చుకుని పక్కన పడుకుంటాడట."

తల్లి బొమ్మల్నీ, నేలమీది అతన్నీ మార్చిమార్చి చూసింది. "నేనెప్పుడూ నిన్ను లేవమనే పోరాను. పక్కన పడుకుని చూడాలని తోచనేలేదే," అంది. తర్వాత అతనితో, "చాప మా ఇంట్లో ఉంది బాబూ, కొనక్కర్లేదు," అంది.

ఆ సాయంత్రం కొక్కేలన్నీ పీకి, బాణాల ప్రకారం మళ్లీ కొట్టాడు. మర్నాడు గోడమీద కిటికీలన్నీ హాయిగా పక్కకు ఒరిగాయి.

చివరికి లెక్క చూసుకుంటే, వంగిన కొక్కేలు పోయాయి, ధీమా పోయింది. మిగిలింది ఇద్దరికి సరిపోయే ఒక చాప.