నాలుగింటి వాల్వు

లాండ్రీ కౌంటర్ దగ్గర ఏజెంట్ ముంగిస "మరక ఇంకా పోలేదు" అన్నాడు. కోడ్ సరిపోయింది, వెనకున్న రహస్య ఆఫీసు తలుపు తెరుచుకుంది. ప్లంబర్ వేషంలో ఉన్న ఆ సీక్రెట్ ఏజెంట్‌కి ముందు తగిలింది ముక్కిపోయిన తడిబట్టల కంపు, తర్వాత చీఫ్ పూసుకున్న సెంటు కంపు. ఏది నయమో తేల్చుకోలేక ముక్కు మూసుకున్నాడు.

చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు. విదేశీ ముఠా మంచినీటి ప్లాంటు తలుపులు లాక్ చేసి, ఫోన్లు జామ్ చేసింది. నాలుగింటికి క్లోరిన్ వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది. షిఫ్టులో ఉన్నవాళ్ళంతా ఊపిరాడక చస్తారు. వాల్వుని ఆపి, తలుపులూ ఫోన్లూ విడిపించే కమాండ్ వెళ్ళేది ఒక్క లాప్‌టాప్ నుంచే. దాన్ని పొద్దున్నే చీఫ్ మనుషులు ముఠా దగ్గర్నుంచి కొట్టుకొచ్చారు. అప్పుడు లక్షణంగా నడిచిన లైనక్స్ ఇప్పుడు బూట్ కావటం లేదు.

ప్లాంటు లోపలున్న పంపు ఆపరేటర్ ముంగిసకి బావ. ఆ సంగతి తెలిసి కూడా చీఫ్ టీ చల్లారిందని విసుక్కుంటున్నాడు. ముంగిసకి ఒళ్ళు మండింది.

లాప్‌టాప్ ముందు సిల్క్ కూర్చుంది. ముఠాకీ వీళ్ళకీ ఒకేసారి పనిచేసే డబుల్ ఏజెంట్. నల్ల గౌను, ఎర్రటి గోళ్ళు. కీబోర్డు నిండా చీఫ్ తిన్న బిస్కెట్ల జిడ్డు. వేలికి రుమాలు చుట్టుకుని టైప్ చేస్తోంది. తెరమీద 'ఎమర్జెన్సీ మోడ్' అని ఉంది.

"డిస్క్ పోయిందా?" అడిగాడు ముంగిస.

"డిస్క్ బాగానే ఉంది. బూట్ అయ్యేటప్పుడు ఏయే డిస్కులు తగిలించుకోవాలో చెప్పే ఫైల్ ఒకటుంటుంది. అందులో ఎవరో ఓ పెన్‌డ్రైవ్‌ని చేర్చారు. అది కనపడక సిస్టమ్ ఆగిపోతోంది."

"మీ ముఠావాళ్ళా?"

"మావాళ్ళకి ఆ మాత్రం బుద్ధుంది. మీవాళ్ళే."

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. ఆఫీసుకి ఏ మెషీన్ వచ్చినా నిఘా పెన్‌డ్రైవ్ తగిలించడం రూలు. తర్వాత దాన్ని పీకి సేఫ్‌లో పెట్టడం కూడా రూలే. సేఫ్ తాళంచెవితో స్టోర్ ఆఫీసర్ భోజనానికి వెళ్ళాడట. రెండు రూల్సూ తు.చ. తప్పకుండా పాటించామని గర్వంగా చెప్పుకొచ్చాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

పెన్‌డ్రైవ్‌తో పనిలేదు, ఆ లైన్‌ని పక్కనపెడితే చాలంది సిల్క్. పైనుంచి రాతపూర్వకంగా అనుమతి రావాలన్నాడు చీఫ్. ముంగిస ఆయన్ని కుర్చీతో సహా గోడవైపు తిప్పేశాడు.

సిస్టమ్ చదవకుండా దాటిపోయేలా సిల్క్ ఆ లైన్ ముందు హాష్ గుర్తు పెట్టి రీబూట్ కొట్టింది. తెర నల్లబడింది. తెల్లటి అక్షరాలు జరజరా పాకాయి. లాగిన్ వచ్చింది. గడియారం నాలుగు కొడుతుండగా కమాండ్ వెళ్ళింది.

కాసేపటికి ముంగిస ఫోన్ మోగింది. "ఏరా బావమరిదీ, మా తలుపులు ఎవరు వేశార్రా?" అంది అవతలి గొంతు. ముంగిస కళ్ళు తుడుచుకున్నాడు.

చీఫ్ కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "అనుమతి లేకుండా ఫైల్ మార్చింది. పైగా రెండు వైపులా పనిచేస్తోంది. అరెస్ట్ చెయ్యి."

"ఆవిడ రెండు వైపులా పనిచేసింది సార్," అన్నాడు ముంగిస. "మీరు ఒక్కవైపు కూడా చెయ్యలేదు."