బ్రానిగన్ షెడ్డులో హాజరు

ఇండియానాపోలిస్ శివార్లలో, ఒక మోటెల్ ముందు ఆగిన కారులో స్టీరింగ్ మీద తల వాల్చినవాడు నిద్రపోవడం లేదని పోలీసులు తేల్చేసరికి, వాషింగ్టన్‌లో అతని స్థానంలోకి ఇంకొకణ్ణి ఎంపిక చేయడం కూడా అయిపోయింది. ఆ గూఢచారి శాఖలో సంతాపాల కంటే పోస్టింగులు ముందొస్తాయి.

కొత్త ఏజెంటు పేరు దైవాశీర్వాదం. పుట్టింది బాపట్లలో, మెటలర్జీలో డాక్టరేట్ చేసింది ఒహాయోలో. అమెరికన్ల నోట్లో పడి 'డేవ్' అయ్యాడు. పైకి ఇంజనీరు. భార్య మణికి తెలిసింది కూడా అంతే.

"వాల్ట్ బ్రానిగన్ పేరు విన్నావా?" చీఫ్ హోల్డెన్ అడిగాడు.

"రేసు కార్లు కట్టేవాడు. సొంత షెడ్డు, సొంత మనుషులు."

"అది పాత సంగతి. డెబ్భై తొమ్మిదిలో లేక్స్ యునైటెడ్ మోటార్స్ ఆ కంపెనీని కొనేసింది. బోర్డు మీద పేరు వాల్ట్‌ది, పెత్తనం వాళ్ళది. కాంట్రాక్ట్ ప్రకారం ముసలాడు ఇంకో చోట కారు కట్టడానికి వీల్లేదు. సొంత షెడ్డులో ఖైదీ అనుకో. అక్కడే ఒక కార్బన్ బ్రేక్ డిస్క్ తయారైంది. ఎర్రగా కాలినా వంగదు. క్షిపణులు చేసే విదేశీ ముఠా ఒకటి దానికోసం మన మనిషిని చంపింది. ఆ డిస్కులు దేశం దాటకూడదు."

"లోపల మనవాళ్ళున్నారా?"

"పబ్లిసిటీ మేనేజర్ ప్రమోద. మీ భాషావిడే." హోల్డెన్ ఒక పెన్ను ట్రాన్స్‌మిటర్ టేబుల్ మీద పెట్టాడు. "నువ్వు హెడ్ ఆఫీస్ పంపిన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌వి. అందరూ అసహ్యించుకుంటారు. అంతకంటే మంచి మారువేషం లేదు."

చీఫ్ చెప్పింది అక్షరాలా నిజమైంది. దైవాశీర్వాదం వెళ్ళి కూర్చుంటే భోజనాల బల్ల ఖాళీ అయ్యేది. సెక్యూరిటీ పేరుతో కంపెనీ కిటికీలన్నీ ఇటుకలతో మూయించింది. ప్రతి తలుపుకీ బ్యాడ్జీ తాళం. బాత్‌రూమ్‌కి వెళ్ళినా కంప్యూటర్‌కి తెలియాలి. మొదటి రోజు మధ్యాహ్నానికే అతనికి ఊపిరి సలపలేదు. ఎనభై రెండు ఫిబ్రవరి అది, బయట మంచు ఆగకుండా కురుస్తోంది.

"కోటు అక్కడ తగిలించు," అన్నాడు వాల్ట్, గోడకున్న కొక్కేలు చూపించి. షెడ్డు మధ్యలో కార్ల కార్బన్ బాడీలను ఒత్తిడి పెట్టి ఉడికించే ఉక్కు పొయ్యి ఉంది, మనిషి నిలబడి నడిచేంత పెద్దది. "దాన్ని ఆన్ చేసేముందు కోటున్న ప్రతివాణ్ణీ పేరుపెట్టి పిలుస్తాను. ఒక్కడు పలక్కపోయినా ఆన్ చెయ్యను."

"హెడ్ ఆఫీస్ ఆ పద్ధతి రద్దు చేసిందిగా?"

"చేసిందట. నేను చదవలేదు."

ఇక ప్రమోద. ఎర్ర బ్లేజర్, నల్ల కళ్ళద్దాలు. ఆమె మేడ దిగొస్తుంటే వెల్డర్లు టార్చి ఆర్పి మరీ చూసేవాళ్ళు.

"మీ అమ్మమ్మగారి ఊళ్ళో మామిడి పూతొచ్చిందా అండీ?" అందామె పక్కన ఆగి.

"వచ్చింది. మంచుకి రాలిపోయింది."

కోడ్ కలిసింది. దైవాశీర్వాదానికి ప్రాణం లేచొచ్చింది. రెండు వారాలుగా ఎవరూ పలకరించని చోట తెలుగు వినబడితే ఎంతటి గూఢచారికైనా గుండె మెత్తబడుతుంది. మరునాడు ఆవిడ గోంగూర పచ్చడి సీసా తెచ్చిచ్చింది. ఆ తర్వాత ఆవిణ్ణి అనుమానించే శక్తి అతనికి లేదు.

శుక్రవారం అందరూ లంచ్‌కి పోయినప్పుడు, యూరప్ ఎగ్జిబిషన్‌కి పంపడానికి షెడ్డు గుమ్మం దగ్గర ట్రైలర్ లారీ ఎక్కించిన డిస్‌ప్లే కారు దగ్గర అతను వంగున్నాడు. ఇంజన్ లేని బొమ్మ కారు. చక్రాల వెనక ఉండాల్సినవి రంగేసిన చెక్క డిస్కులు. గోటితో గీశాడు. చెక్క కాదు.

"ప్రమోద గారూ! నాలుగూ అసలువే!"

"అమ్మో! పొయ్యిలో ఇంకో సెట్టు దాచినట్టున్నారు, చూద్దురుగాని రండి. బ్యాడ్జీ ఇలా ఇవ్వండి, తలుపు తీస్తాను."

బ్యాడ్జీ ఇచ్చాడు. లోపలికి నాలుగడుగులు వేశాడు. వెనక తలుపు మూసుకోసాగింది.

"సారీ అండీ," అందామె సందులోంచి. "మీ ముందొచ్చినాయన ఇంత మర్యాదస్తుడు కాదు."

చీకటి. గుద్దాడు, తన్నాడు, అరిచాడు. జానెడు మందం ఉక్కు. పెన్ను నొక్కితే ఆ గోడల్లో అది ఉత్త పెన్నే. గోంగూరకి పడిపోయిన ఏజెంటునని తనమీద తనకే అసహ్యమేసింది. తర్వాత భయమొక్కటే మిగిలింది. ఆదివారం చర్చిలో మణి పక్క కుర్చీ అట్టేపెట్టి గుమ్మం వైపు చూస్తుంటుంది. కీర్తన ఎత్తుకుని రెండో చరణం మరిచిపోయాడు.

బయట ప్రమోద అతని బ్యాడ్జీని మెయిన్ గేటు దగ్గర గీకి వచ్చేసింది. కంప్యూటర్ లెక్కలో అతను ఇంటికెళ్ళాడు. పనివాళ్ళు తిరిగొచ్చారు.

"డైరెక్టర్లు వస్తున్నారు వాల్ట్, పొయ్యి ఆన్ చేయించు," అందామె.

వాల్ట్ కొక్కేల ముందు నిలబడి పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరూ పలికారు. చివరి కోటు దగ్గర ఆగాడు.

"డేవ్!"

ఎవరూ పలకలేదు.

"అతను వెళ్ళిపోయాడు. కావాలంటే కంప్యూటర్ చూసుకో," అంది ప్రమోద.

"కంప్యూటర్‌కి చలెయ్యదమ్మా. ఈ మంచులో కోటు లేకుండా ఎవడెళ్తాడు? డేవ్!"

ఆమె ఆగలేదు. చెయ్యి చాపి తనే బటన్ నొక్కేసింది. పంపు గుర్రుమంది, లోపల గాలి వేడెక్కింది. వాల్ట్ గోడ మీది మెయిన్ స్విచ్ లాగేశాడు. షెడ్డంతా చీకటైంది. ఆ చీకట్లో హైహీల్స్ చప్పుడు ట్రైలర్ వైపు పరిగెత్తింది.

వాల్ట్ పొయ్యి తలుపు పిడి తిప్పి తీయగానే దైవాశీర్వాదం చెమటలు కక్కుతూ బయటపడ్డాడు.

"డిస్‌ప్లే కారు... డిస్కులు... అసలువి!"

ట్రైలర్ లారీ ఇంజన్ అప్పటికే స్టార్టయింది. అయితే వాల్ట్ మనుషులు రేసుల్లో చక్రాలు మార్చి బతికినవాళ్ళు. ప్రమోద గేరు వేసే లోపల వాళ్ళలో నలుగురు పైకెక్కారు. ట్రైలర్ కదిలేసరికి చక్రాలు మంచులో దొర్లుతున్నాయి, డిస్కులు నాలుగూ వాల్ట్ చంకలో ఉన్నాయి. ఆరుబయట పెన్ను బుద్ధిగా పనిచేసింది. షెరీఫ్ కార్లు రోడ్డుకడ్డంగా నిలిచి, చక్రాల్లేని కారునీ కళ్ళద్దాల్లేని ప్రమోదనీ స్వాధీనం చేసుకున్నాయి.

సాయంత్రం హెడ్ ఆఫీస్ నుంచి టెలెక్స్ వచ్చింది. అనుమతి లేకుండా పొయ్యి ఆపినందుకు కారణం చెప్పాలట.

"ఇంకా ఇన్‌స్పెక్టర్‌వేగా, నువ్వే కొట్టు," అన్నాడు వాల్ట్.

దైవాశీర్వాదం కొట్టాడు: "లోపల ఒక మనిషి ఉన్నాడు."

జవాబు వెంటనే వచ్చింది. ఆ మనిషి ఏ డిపార్ట్‌మెంట్? పని ఆగిన సమయం ఎవరి ఖాతాలో రాయాలి?

వాల్ట్ అతన్ని పక్కకి జరగమని, మెషీన్ ముందు కూర్చుని, ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొట్టాడు: "మావాడే."