కదలని బొమ్మకు అరవై ఫ్రేములు

కంపాలాలో మిట్టమధ్యాహ్నం. చపాతీ బండి దగ్గర వాస్వా మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో, మోటార్‌సైకిల్ మీద పోతున్నవాడు రెండు తూటాలు పేల్చాడు. ఒకటి గొంతులో, ఒకటి కంట్లో. పెనం మీద గుడ్డు మాడుతూనే ఉంది. చపాతీలవాడు పారిపోయాడు పాపం, వాడికీ ప్రాణం తీపే కదా మరి.

వాస్వా సర్కారు గూఢచారి. విదేశీ ముఠా నాయకుడు క్రేగెల్ నడిపే వీడియో మీటింగ్‌లోకి దొంగదారి తెరిచి, ఆ లాప్‌టాప్‌ను తోటి ఏజెంట్ లుబోవకు అప్పటికే చేర్చేశాడు.

సినిమాలు కాపీ చేసి అమ్మే కొట్టువాడిగా లుబోవ వేషం. కొట్టు వెనక గదిలో ఫోన్ మోగింది. చీఫ్ అచెంగ్.

"సరస్సు మీద పోతున్న ఫెర్రీలో టైంబాంబుంది లుబోవా. ఎక్కడుందో, ఏ తీగ దేనికి పోతుందో క్రేగెల్ ఇప్పుడు తన వాళ్లకి పటాలు మార్చి మార్చి చూపిస్తాడు. మొత్తం రికార్డ్ చేసి పంపు. బాంబులు తీసేసే మన మనిషి చేపల బేరగాడి వేషంలో అందులోనే ఉన్నాడు."

"ఫెర్రీ ఆపేస్తే పోలా మేడమ్?"

"గోల రేగితే వాళ్లవాడు అక్కడే మీట నొక్కేస్తాడు. నీళ్ల మీద సిగ్నల్ అంతంతమాత్రం. ఫైల్ చిన్నదిగా ఉండాలి, అక్షరం మాత్రం కనపడాలి." అంది అచెంగ్. "మీ అక్క బబిర్యే కూడా అందులోనే ఉందయ్యా."

లుబోవ లాప్‌టాప్ తెరిచాడు. తల్లి పోయాక ఎండుచేపలమ్మి వాణ్ణి పెంచింది ఆ అక్కే.

తలుపు చప్పుడైంది.

"అరటికాయలు పండాయా?"

"ఇంకా పచ్చివే."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ నంబూజె లోపలికొచ్చింది. బంగారు రంగు జడలు, అత్తరు ఘుమఘుమ. ఊళ్లో పెద్దింటి పెళ్లిళ్లన్నిటికీ ఆమే వీడియో తీస్తుంది. అది ఆమె వేషం.

"జరుగు సెబో," అంది, అక్కడి మాటలో అయ్యా అన్నట్టు. "ఈ పని నాది. సెట్టింగులు నేను పెడతా. సైజు మూడొందల అరవై, సెకనుకి అరవై ఫ్రేములు. పిట్టంత ఫైలొస్తుంది, చిటికెలో పోతుంది."

లుబోవ స్క్రీన్ చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"పటం కదలదు కదా న్యాబో, అమ్మా, అరవై ఫ్రేములెందుకు, ఒకే బొమ్మ సెకనుకి అరవైసార్లు తీయడానికా? ఆ సైజులో చీమల్లాంటి అక్షరాలు అలుక్కుపోవూ? వీడియోలు తీసి బతికే మనిషివి, నీకు తెలీదా?"

"తెలుసు," అని నవ్వింది నంబూజె. "నీకూ తెలుసని తెలీలా."

జడలోంచి సూదికత్తి లాగి వాడి భుజంలో దింపింది. లుబోవ పక్కనున్న ఇన్వర్టర్ బ్యాటరీ ఎత్తి ఆమె మోకాలి మీద వేశాడు. ఎముక పటుక్కుమంది. స్పీకర్లో క్రేగెల్ నింపాదిగా అంటున్నాడు: "ఇదిగో మొదటి పటం."

లుబోవ ఒంటిచేత్తో మార్చాడు. సైజు వెయ్యిన్ని ఎనభై. ఫ్రేములు అయిదు. సౌండ్ బంద్. రికార్డ్.

నంబూజె నేలమీద పాకుతూ పిస్టల్ తీసింది. గుండు వాడి చెవి సగం తెంపుకుపోయింది. లుబోవ ఆమె మణికట్టును బూటుకింద తొక్కిపట్టి, చూపు మాత్రం పటం మీదనుంచి తిప్పలేదు. నెత్తురు కీబోర్డు మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఆమె రెండో చేత్తో కత్తి అందుకుంది. అప్పుడు వాడు వంగి, స్పీకర్ వైరు ఆమె మెడకు చుట్టి లాగాడు. ఆఖరి పటం మాయమయ్యేసరికి ఆమె కాళ్లు కొట్టుకోవడం ఆగిపోయింది.

ఫైల్ నిజంగానే చిన్నది. అయినా సగం పోయి ఆగింది. కదిలింది. మళ్లీ ఆగింది. చివరికి అవతలికి పోయింది.

లుబోవ చెవికి గుడ్డ నొక్కుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది.

"వీడియో ఏమిటయ్యా, కుంటిమేకలా నడుస్తోంది?" అంది అచెంగ్. "అక్షరాలు మాత్రం అద్దంలా ఉన్నాయిట. గడియారం ఆఖరి అంకెలో ఉండగా తీగ తెంపాడు మనవాడు. మీటవాడి గుండెలో చేపలకత్తి దింపాకే అనుకో. మీటింగ్ అవగానే మేం క్రేగెల్ స్థావరం మీద పడ్డాం. వాడు తుపాకీ ఎత్తాడు, దించే తీరిక మేమివ్వలేదు."

లుబోవ ఏడ్చాడు. ఏడుస్తుండగానే అక్క ఫోన్.

"ఒరే తమ్ముడూ! ఎవడో బేరగాడట్రా, నా ఎండుచేపల బుట్టలన్నీ సరస్సులోకి విసిరి, అవి పెట్టిన చోట తలదూర్చాడు! దొంగముండాకొడుకు! నీకు పోలీసుల్లో ఎవరన్నా తెలుసా?"

"కనుక్కుంటానక్కా," అన్నాడు లుబోవ.