కొండ మీది ఆఖరి స్టాపు

"వెదురు బొంగులతో బస్సెక్కనివ్వను. దిగండి."

డ్రైవరు సీట్లోంచి ఆమె ఈ మాట చాలా మామూలుగా చెప్పింది. అతను ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు వానలో పెట్టి, భుజం మీది మోపు వైపు చూసుకున్నాడు.

"కొండ మీది మ్యూజియంకేనండి. జపాన్ తోటలో కంచె కట్టాలి. మా వ్యాను పాడైంది."

"ఎక్కడికైనా సరే. సడన్ బ్రేకు వేశానంటే ఎవరి కంట్లో గుచ్చుకుంటాయో చెప్పలేం."

"సడన్ బ్రేకు వేయకుండా నడపొచ్చు కదండీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అద్దంలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది. అతను మెట్టు దిగాడు. తలుపు మూసుకుంది.

ఆమె బస్సు తిరిగి కొండ దిగి వస్తుంటే అతను కనబడ్డాడు. తలకి తువ్వాలు చుట్టుకుని, మోపును ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ ఎక్కుతున్నాడు. తిట్టుకుంటాడనుకుంది. అతను చెయ్యెత్తి నవ్వాడు. తిట్టినా బాగుండేది. ఆ నవ్వు సాయంత్రం దాకా ఆమెను వదల్లేదు.

మర్నాడు పనిముట్ల సంచీ ఒక్కటే పట్టుకుని ఎక్కాడు.

"ఇవాళ నేనొక్కణ్ణే. నిలువుగా ఉండమంటారా, అడ్డంగానా?"

"కూర్చుంటే చాలు. నోరు కూడా మూసుకుంటే మరీ మంచిది."

కూర్చున్నాడు, ముందు సీట్లో. నోరు మాత్రం మూసుకోలేదు.

అతను వడ్రంగి. పాత ఇళ్ల కిటికీలు, తలుపులు బాగుచేయడం అతని పని. కొండ మీద ఒకప్పుడు ఓడల వ్యాపారి కట్టించుకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం. దాని వెనక, ఆ వ్యాపారి భార్య ముచ్చటపడి వేయించుకున్న జపాన్ తోట. ఈ డ్రైవరమ్మ బస్సుకి ఆ మ్యూజియం గేటే ఆఖరి స్టాపు. ఏళ్ల తరబడి జనాన్ని అక్కడ దించడం, బస్సు తిప్పుకోవడం, ఫ్లాస్కులో టీ రెండు గుక్కలు తాగడం, కిందికి దిగిపోవడం. అంతే.

ఆ సంగతి విని అతను నోరు వెళ్లబెట్టాడు.

"ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదా? ఊరందర్నీ తెచ్చి దింపుతారు."

"నేను లోపలికెళ్తే బస్సు బుద్ధిగా కూర్చుంటుందా?"

"సెలవు రోజు?"

"సెలవు రోజు కూడా బస్సెక్కమంటారా? మీకు సెలవిస్తే ఇంట్లో కూర్చుని చెక్క చెక్కుతారా?"

"చెక్కుతాను," అన్నాడతను.

అప్పట్నించి రోజుకో గది చెప్పడం మొదలుపెట్టాడు. వంటింటి గోడ మీద వరసగా వేలాడే గంటలు, ఏ గదిలో తాడు లాగితే ఏ గంట మోగేదో. పిల్లలు జారి జారి నున్నగా చేసిన మెట్ల కమ్మీ. భోజనాల గదిలో, ఇంటావిడ పాదాలు నేలకి ఆనాలని కాళ్లు పొట్టిగా కోయించిన కుర్చీ.

"అన్నీ ఒకేసారి చెప్పకండి, అరగవు," అనేది ఆమె. అతను స్టాపులో కనబడని రోజున మాత్రం బస్సు అవసరానికి మించి ఆగేది.

"తోట మాత్రం చెప్పను," అన్నాడొకరోజు దిగబోతూ. "అది చూడాల్సిందే. గురువారం మీకు సెలవే కదా, రండి."

"చూస్తాను."

"తోటనా?"

"వీలుని."

ఆ సాయంత్రం మ్యూజియంలో టికెట్లిచ్చే ఆవిడ బస్సెక్కింది. మాటల్లో మాటగా, "మా వడ్రంగి పని ఈ వారంతో సరి. ఆదివారం నది అవతలి ఊరికి వెళ్లిపోతున్నాడు," అంది.

గేరు మీద ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. అన్ని గదుల సంగతీ చెప్పినవాడు ఈ ఒక్క ముక్క చెప్పలేదు. పోయేవాడు పోతూ పోతూ కాలక్షేపానికి పిలిచాడన్నమాట.

మర్నాడు అతను ఎక్కి, "రేపు వస్తున్నారా?" అంటే, "టికెట్ తీసుకుని కూర్చోండి," అంది. దిగేదాకా మళ్లీ పలకలేదు. బస్సు తిరిగి వెళ్లేవరకు అతను గేటు దగ్గరే నిలబడ్డాడు.

గురువారం మధ్యాహ్నం దాకా ఆమె ఇల్లు సర్దింది. సర్దిన బట్టలే మళ్లీ సర్దింది. డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన నాన్న, కళ్లజోడు పైనుంచి కూతుర్ని గమనిస్తూనే ఉన్నాడు.

"సెలవు రోజు కూడా బ్రేకు మీంచి కాలు తియ్యవేమ్మా?"

"నేనేం తొక్కాను నాన్నా?"

"పొద్దున్నించి ఇంజను మోత వినబడుతోంది, బండి కదలట్లేదు. ఎక్కడికో వెళ్లాలనుంది నీకు. వెళ్లు. నచ్చకపోతే తిరిగొచ్చెయ్. రివర్సు గేరు ఎలాగూ ఉంది."

ఆమె గొడుగు తీసుకుని బయల్దేరింది.

బస్సు కొండ కిందే ఆగిపోయింది. చెట్టు విరిగి రోడ్డుకి అడ్డంగా పడిందట. పైకి బళ్లు వెళ్లవు. మిగతావాళ్లు గొణుక్కుంటూ అదే బస్సులో వెనక్కి వెళ్లారు. వెళ్లిపోతే ఎవరూ తప్పు పట్టరు. చెప్పుకోవడానికి చెట్టు ఉంది. ఆమె కాసేపు మెట్టు మీదే నిలబడి, గొడుగు విప్పి దిగింది.

రోజూ నడిపే రోడ్డే. అది ఇంత నిటారుగా ఉంటుందని ఆమె కాళ్లకి ఇప్పుడే తెలిసింది. మొదటి మలుపుకే ఆయాసం. తర్వాతి మలుపులో గొడుగు తిరగబడింది. ఇక్కడేగా అతను భుజం మార్చుకున్నది అనుకుంటూ ఒక నిమిషం ఆగి, మళ్లీ ఎక్కింది. గేటు చేరేసరికి చెప్పుల నిండా నీళ్లు.

టికెట్లావిడ ఎగాదిగా చూసి, "బస్సేది?" అంది.

"దానికి సెలవు."

గదుల్లో ఆమె ఆగలేదు. ఎప్పుడో చూసేసినట్టే ఉంది. వెనక తలుపు తీసుకుని తోటలోకి వెళ్లింది. పచ్చటి నాచు మధ్య అడుగుకో రాయి వేసి ఉంది. రాళ్లు తడిసి జారుతున్నాయి కనుక తల దించుకునే నడవాలి. కొంత దూరం పోయాక వెడల్పాటి రాయి ఒకటి వచ్చింది. దాని మీద కుదురుగా నిలబడి తల ఎత్తింది. ఎదురుగా కొలను. దాని నిండా చినుకులు. అవతలి గట్టున, కంచెకి నల్లతాడు ముడివేస్తూ అతను.

"అందరూ ఆ రాయి మీదే తల ఎత్తుతారు. ఎత్తాలనే అలా వేశారు," అంటూ లేచాడు. "బస్సులు ఆగిపోయాయన్నారు. ఇంక రారనుకున్నాను."

"వెళ్లిపోతున్నారటగా," అంది ఆమె. దగ్గరికి వచ్చేదాకా కూడా ఆగలేకపోయింది.

అతను తాడు వదిలేసి గట్టు చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఆ మాట చెబుదామనే పిలిచాను. బస్సులో చెప్తే మీరు రోడ్డే చూస్తూ సరే అంటారు. నేను దిగిపోవాలి. ఇక్కడైతే నా మొహం చూస్తారు కదా అని."

"చూస్తున్నాగా. చెప్పండి."

ఇన్నాళ్లూ వాగిన మనిషి కంచె వైపు చూశాడు, చేతులు తుడుచుకున్నాడు.

"అది పోయిన వారమే అయిపోయింది. రెండుసార్లు విప్పి కట్టాను."

"ఎందుకూ?"

"మీ బస్సెక్కాలంటే ఏదో ఒక పని ఉండాలి కదండీ." ఈసారి ఆమె కళ్లలోకే చూశాడు. "మీరంటే నాకిష్టం. వెళ్లేలోగా ఆ ముక్క చెప్పాలని."

కొలను మీద చినుకులు పలచబడ్డాయి.

"నది అవతలి ఊరికి మా డిపో నుంచే బస్సుంది," అంది నెమ్మదిగా. "గురువారం నేనెక్కుతాను. ఆదివారం మీరెక్కండి."

"అంటే..."

"అంటే నాకూ ఇష్టమేనని. అన్నీ విడమరిచి చెప్పడం మీ పని, నాది కాదు."

అతను నవ్వాడు. ఆమె ఫోను మోగింది. నాన్న.

"కొండ రోడ్డు మూసేశారటమ్మా. ఎలా వస్తావ్?"

కొండ పేరు ఆమె ఇంట్లో ఎత్తనే లేదు. ఆయనకెలా తెలిసిందో అడిగే ధైర్యం చాల్లేదు.

"నడిచి వస్తాను నాన్నా." విరిగిన గొడుగు పుల్లలు సరిచేస్తున్న అతని వైపు చూసింది. "ఒక్కదాన్నే కాదు."



"దారంతా జారుడుగా ఉంటుంది," అన్నాడు నాన్న. "తొందరేం లేదు. నిదానంగా ఇద్దరూ ఇంటికే రండి."