చిల్లు పూడ్చిన మూత

ఆసుపత్రికి వెళ్లే దారి మలుపులో ఎప్పుడో మూతపడిన పెట్రోలు బంకు ఒకటుంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అటు వెళ్లిన బండ్లు ట్యాంకు మూత పోగొట్టుకుని వస్తాయని చెప్పుకుంటారు. మూతల దొంగ ఎవడో ఉన్నాడని నాలాంటి మొండివాళ్లు కొట్టిపారేస్తారు... అదీ పగటిపూట.

అసలు కథ వేరే. బంకు నడిచే రోజుల్లో అక్కడ పనిచేసే ఒకాయన, నేలకింది ట్యాంకు కడగడానికి లోపలికి దిగాడట. పైన ఎవరో చూసుకోకుండా మూత బిగించేశారట. లోపలి నుంచి ఎంత కొట్టాడో, ఎంత అరిచాడో... అప్పటి నుంచి బిగించిన మూత కనిపిస్తే ఆయన ఊరుకోడంటారు.

ఇక చిన్న మేస్త్రీ సంగతి. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మెకానిక్ షెడ్డు; తమ్ముణ్ణే చిన్న మేస్త్రీ అంటారు. అన్నకి తన పాత వ్యాను అంటే ప్రాణం. వయసులో అది తమ్ముడి కంటే పెద్దది. అన్న ఊళ్లో లేని రోజు చూసి, తమ్ముడు దాన్ని ముస్తాబు చేయడం మొదలుపెట్టాడు. ట్యాంకు మూతకి సూది బెజ్జమంత చిల్లు కనబడింది. 'అన్న కూడా ఇంత అశ్రద్ధా!' అని నవ్వుకుని, సీసం కరిగించి దాన్ని పూడ్చేశాడు. తన పనితనానికి తనే మురిసిపోయాడు కూడా.

ఆ సాయంత్రమే వదినకి ఆయాసం ఎక్కువైంది. మందు పీల్చినా తగ్గలేదు. తమ్ముడు ఆమెని ఆ వ్యాను వెనక సీట్లో దిండు ఆనించి కూర్చోబెట్టి ఆసుపత్రికి బయల్దేరాడు. ట్యాంకు నిండా పెట్రోలు. దారి అరగంట.

చీకటి పడింది. సరిగ్గా ఆ బంకు మలుపులో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

తాళం తిప్పాడు. తిరుగుతోంది... అందుకోవడం లేదు. మళ్లీ తిప్పాడు. ఊహూఁ. ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు.

"వచ్చేశామా అబ్బాయీ?" వదిన ఊపిరిలో పిల్లికూతలు.

"ఇదిగో వదినా... ఒక్క నిమిషం."

బానెట్ ఎత్తాడు. కార్బురేటర్‌కి పెట్రోలు తెచ్చే గొట్టం ఊడదీశాడు — చుక్క లేదు. ఫిల్టర్ విప్పి చూశాడు — శుభ్రంగా ఉంది. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు పక్కనున్న చేతి మీట నొక్కాడు. పదిసార్లు... ఇరవైసార్లు... గొట్టం ఉత్త గుటకలు వేస్తోంది తప్ప పెట్రోలు రావడం లేదు. నిండు ట్యాంకు పెట్టుకుని ఇదేం చోద్యం! వదినకేమైనా అయితే ఏ మొహం పెట్టుకుని అన్నకి చెప్పాలి?

వెనక పిల్లికూతలు సన్నబడుతున్నాయి. అది మంచికో చెడుకో తెలియడం లేదు.

అప్పుడు వినిపించింది... చెప్పుల చప్పుడు.

బంకు వైపు నుంచి. నెమ్మదిగా. ఆ చప్పుడు వ్యాను వెనక వైపు దాకా వచ్చి ఆగింది.

చూద్దామంటే మెడ తిరగలేదు. కిర్రు... కిర్రుమని ఏదో విప్పుతున్న చప్పుడు. ఆ తర్వాత —

"హా...హ్..."

పొడుగాటి నిట్టూర్పు. ఎన్నేళ్ల నుంచో బిగబట్టిన ఊపిరి ఎవరో వదిలినట్టు.

అతని వేళ్లు ఇంకా మీట మీదే ఉన్నాయి. భయంతో బిగుసుకుపోయి గట్టిగా నొక్కేశాయి. చివ్వున పెట్రోలు చేతి మీదికి చిమ్మింది!

గొట్టం ఎలా తగిలించాడో, సీట్లోకి ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా అద్దంలోకి చూడలేదు.

వదినకి ఆక్సిజన్ పెట్టారు. గండం గడిచింది. బయటికొచ్చి చూస్తే ట్యాంకుకి మూత లేదు. అన్నకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

"ఓరి నీ తెలివి తగలెయ్య! ఆ చిల్లు నేనే పెట్టాను రా. పెట్రోలు దిగేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావద్దూ? అది రాకపోతే పంపు ఎంత లాగినా చుక్క కదలదు. మూత తీయగానే గాలి లోపలికి పోయింది. నువ్వు విన్న నిట్టూర్పు అదే. మీ వదినే దిగి తీసుంటుంది."

చిన్న మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. లోపలికెళ్లి వదిన చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు దిగి మూత తీయబట్టి బయటపడ్డాం వదినా."

ఆమె మాస్కు కొంచెం పక్కకి జరిపింది.

"నేనా? కాలు కిందపెట్టే ఓపిక ఎక్కడిది అబ్బాయీ నాకు?"

తెల్లారాక ఇద్దరు మనుషుల్ని తోడు తీసుకుని బంకుకి వెళ్లాడు. తుప్పుపట్టిన పెట్రోలు పంపు నెత్తిన, బండికి పోసేటప్పుడు బంకు వాళ్లు పెట్టే చోటే, మూత ఉంది. తీసి వెలుతురుకి పట్టుకున్నాడు.

పూడ్చిన సీసం లేదు. బెజ్జంలోంచి ఆకాశం కనబడుతోంది. మూత లోపలి వైపు, ఆ బెజ్జం చుట్టూ, గోళ్లతో గీకిన గీతలున్నాయి.