ఆమెన్ అనేలోపు

"చదరంగంలో వాణ్ని ఎవరూ ఓడగొట్టలేకపోయిండ్రు. అందుకే చంపుతరు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ రత్నాకర్.

చేవెళ్ల రోడ్డు పక్కన ఆపిన కారులో బ్రీఫింగ్. సురంగల్ కుర్రాడు, గ్రాండ్‌మాస్టర్ సాముయేలు, రెండేళ్లుగా ప్రపంచంలోని మేటి ఆటగాళ్ల చేతిలో ఒక్క గేమ్ కూడా ఓడలేదు. ప్రతి గెలుపూ అతన్ని చావుకు ఒక గడి దగ్గరగా జరిపింది. ఈ రోజు మొయినాబాద్ రిసార్ట్‌లో జరిగే ఫైనల్‌లో ఓడిపొమ్మని విదేశీ ఫిక్సింగ్ ముఠా బెదిరించింది. అతను ఒప్పుకోలేదు. ఇక అతను బోర్డు దాకా రాకూడదు. అది ముఠా ఆర్డర్.

"వాని ట్రైనింగ్ టీంల ప్రియ ఉన్నది. డబుల్ ఏజెంట్. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటున్నది. నేను తోటమాలి వేషంల బయట ఉంట. కోడ్ నేమ్ ఏనుగు."

"ప్రియ మన మనిషే అని గ్యారంటీ ఏంది సార్?" అడిగింది ఏజెంట్ జెన్నీ.

"నువ్వు పెండ్లికి పోయినా చావు గురించే ఆలోచిస్తవ్, జెన్నీ."

ఆ మాట నిజమే. కొడుకు స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే దవాఖానలన్నిటికీ ఫోన్ చేసే తల్లి ఆమె.

సాముయేలు బస చేసిన అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో జెన్నీది వంటమనిషి వేషం. కొంగు పిన్నులో మైక్, అవతల వింటూ రత్నాకర్. విషం తగిలితే రంగు మారే గరిటె చేతిలో. అన్నం, కోడికూర, మజ్జిగ, అన్నీ క్లీన్. నల్ల చీరలో సెంటు గుబాళిస్తూ వచ్చిన ప్రియ, "వాన పడేటట్టున్నది," అంది.

"గొడుగు తెచ్చిన," అంది జెన్నీ. కోడ్ సరిపోయింది. భయం మాత్రం పోలేదు.

భోజనాల బల్ల దగ్గర సాముయేలు తల్లి శాంతమ్మ చేతులు జోడించింది. "ప్రార్థన చేసుకుందం."

అందరూ కళ్లు మూసుకున్నారు. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. జెన్నీ కళ్లూ మూతపడ్డాయి.

"తండ్రీ, నా బిడ్డను ఇన్నాళ్లు కాపాడినందుకు నీకు స్తోత్రం..."

జెన్నీకి అప్పుడు తట్టింది. ఈ ఇంట్లో అందరి కళ్లూ మూసి ఉండే సమయం ఇదొక్కటే!

కళ్లు తెరిచింది. ప్రియ ఉంగరం సాముయేలు మజ్జిగ గ్లాసు మీద ఒరిగి ఉంది. అందులోంచి రాలిన తెల్లటి పొడి మజ్జిగలో కరిగిపోతోంది. చూపులు కలిశాయి. ప్రియ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ మూతి సాముయేలు వైపు తిరిగింది. అరిస్తే తూటా. ఊరుకుంటే విషం. పిస్టల్ మోగితే ప్రియ కూడా దొరికిపోతుంది. ఆమెన్ దాకా ఆగితే చాలు, సాముయేలు తనే ఆ మజ్జిగ తాగేస్తాడు.

"...నీ కుమారుని నామంలో అడుగుతున్నం..."

"ప్రభువా!" జెన్నీ గట్టిగా అందుకుంది. ఒకరు ప్రార్థిస్తుంటే అక్కడ ఇంకొకరు కళ్లు తెరవరు, మెతుకు ముట్టరు. "నీ బిడ్డ రాజు లెక్క కూసున్నడు ప్రభువా. పక్కనే నల్ల రాణి పొంచి ఉన్నది. కిటికీ దగ్గరి ఏనుగును పంపు తండ్రీ, జల్దీ పంపు!"

ప్రియకు అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. ట్రిగ్గర్ మీద వేలు బిగిసే క్షణంలో వెనక నుంచి రత్నాకర్ చెయ్యి ఆమె మణికట్టును విరిచింది, ఇంకో చెయ్యి నోరు మూసింది.

"స్తోత్రం! స్తోత్రం!" ఆ పెనుగులాట వినిపించకుండా జెన్నీ గొంతు పెంచింది. రత్నాకర్ ప్రియను బయటికి ఈడ్చుకుపోయాడు. జెన్నీ ఆ మజ్జిగను సింకులో పారబోసి, కొత్త గ్లాసు తెచ్చి పెట్టింది. ఆమెన్ అనడమే మరిచిపోయింది.

సాముయేలు ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

"ఆమెన్ అను అక్కా. ఇంకొంచెంసేపైతే ఆకలికే సచ్చేటట్టున్న."