మామయ్య పెట్టిన సంతకం

టైలరు మామయ్య కొట్లోకొచ్చిన అమ్మాయిని చూసి మొహం చేటంత చేసుకున్నాడు. “రామ్మా! కొత్తది కుట్టాలా, పాతది బిగించాలా?”

“బాకీ వసూలు చెయ్యాలండీ. బ్యాంకు నుంచొచ్చాను.”

ఇస్త్రీ చేస్తున్న మేనల్లుడు బల్ల మీదికి మరీ వంగిపోయాడు. ఇంజనీరింగ్ చదువు అతనిది, లోనుకి హామీ సంతకం మామయ్యది. ఉద్యోగం మాత్రం ఎవరికీ రాలేదు.

“ఉద్యోగం గ్యారంటీ అన్నది కాలేజీ. వాళ్ళనడగండి!” అన్నాడు.

“లోను తీసుకున్నది కాలేజీ కాదుగా?”

“అడగ్గానే ఇచ్చింది మీ బ్యాంకేగా?”

“ఇచ్చినందుకు మాదా తప్పు? బాగుంది సంబడం! సోమవారంలోగా కట్టకపోతే కుట్టుమిషన్లు జప్తు చేస్తారు.”

“చదివింది వాడు, మిషన్లు నావా?” మామయ్య లబోదిబోమన్నాడు.

అంతలో ఆమె ఫోను మోగింది. గోడవైపు తిరిగింది. గొంతు పీలగా అయిపోయింది. “నెలాఖరుకి కచ్చితంగా సార్... మా నాన్నకి ఫోన్ చెయ్యకండి, ప్లీజ్.”

మేనల్లుడికి ఆ డైలాగు కంఠతా వచ్చు. “మీదీ చదువు లోనేనా?”

“ఎంబీఏ. వేరే బ్యాంకు,” అంటూ కళ్ళు తుడుచుకుంది.

ఏడిపిద్దామనుకున్నవాడల్లా ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఎంత బావుంది ఈ అమ్మాయి, అనుకున్నాడు. ఈలోగా ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో ప్యాంటు కమురు వాసన కొట్టింది.

“ఒరేయ్! దీనికి ఎవడురా బాధ్యుడు? కాలేజీయా, బ్యాంకా?” అరిచాడు మామయ్య.

“నేనే మామయ్యా. ప్యాంటుకీ, లోనుకీ కూడా.”

ఆమె తలెత్తి చూసింది. “ఈ ఉద్యోగంలో చేరాక ‘నేనే’ అన్న మాట ఇదే మొదటిసారి వినడం.”

అతను బైకు అమ్మి పాత వాయిదాలు కట్టాడు. మిషన్లు కదల్లేదు. ప్యాంట్లు బిగించడం నేర్చుకుని ప్రతి నెలా కడుతున్నాడు, అదీ నగదుగా, ఆమె చేతికే.

“ఫోన్లో పంపొచ్చుగా?” అన్నాడు మామయ్య.

“నెట్‌వర్క్ లేదు,” అన్నాడు ఫోన్లో క్రికెట్ చూస్తూ.

ఒక వాన సాయంత్రం ఆమె రసీదు ఇచ్చినా కదల్లేదు. గొడుగు చేతిలోనే ఉంది.

“మీ లోనుకి నేను గ్యారంటరుగా ఉండనా?” అడిగాడతను.

“ఎగ్గొట్టినవాళ్ళు పనికిరారు. రూలు.”

“పోనీ, మొగుడిగా?”

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. “దానికి రూలేం లేదు. నాకిష్టమే. మా నాన్ననొచ్చి అడగండి.”

మామయ్య కత్తెర పక్కన పెట్టాడు. ఇద్దరినీ మురిపెంగా చూశాడు.

“నిక్షేపంలా చేసుకోండి, నేనే వచ్చి అడుగుతా. సంతకాలు మాత్రం చదివి పెట్టండమ్మా. వీడి మొహం చూసి చదవకుండా పెట్టినవాణ్ణి, చెబుతున్నా.”